పీహెచ్ కంట్రోలర్ చేతికి ఎంత గ్యాస్ ఇవ్వాలి?

(ఇంట్లో మొక్కల అక్వేరియం పెంచేవారి సమావేశంలో చేసిన ప్రసంగం, చివర్లో వచ్చిన కొన్ని ప్రశ్నలతో సహా)

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం పీహెచ్ కంట్రోలర్. పీహెచ్ అంటే నీటి ఆమ్లత్వాన్ని చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లత్వం ఎక్కువ. మీలో కొందరు దాన్ని కొనాలా వద్దా అనే సందేహంతో వచ్చి ఉంటారు. ఇంకొందరు కొన్న తర్వాత పుట్టిన సందేహాలతో వచ్చి ఉంటారు. నా మాటలు ఎక్కువగా రెండోవారి కోసం. మొదటివారు వింటే డబ్బు ఆదా కావచ్చు, కాకపోనూవచ్చు.

యంత్రం చేసే పని చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. నీటిలో ముంచిన ప్రోబ్ పీహెచ్‌ను కొలుస్తుంది. మనం పెట్టిన అంకె కంటే అది పైన ఉంటే కంట్రోలర్ సోలెనాయిడ్ వాల్వును, అంటే కరెంటుతో పనిచేసే వాల్వును, తెరుస్తుంది. సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ తొట్టిలోకి వెళ్తుంది, నీటిలో కలిసి ఆమ్లమవుతుంది, పీహెచ్ దిగుతుంది. అనుకున్న అంకెకు రాగానే వాల్వు మూసుకుంటుంది. క్షణానికోసారి టక్కుటక్కుమని తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండకుండా రెండింటి మధ్య కొంచెం ఎడం పెడతారు, అంటే 6.6 దగ్గర మూస్తే 6.7 దాటాక గాని మళ్లీ తెరవదు. అంతే. ఈ పెట్టెలో ఇంతకు మించిన తెలివి లేదు. దానికి మీ చేపలు తెలియవు, మొక్కలు తెలియవు, గ్యాస్ ఎంత కలిసిందో కూడా తెలియదు. తెలిసింది ఒక్క అంకె. ఆ అంకె మీద మనం ఎంత భారం వేయవచ్చు అన్నదే ఈరోజు నా మాటల సారం.

మొక్కలు లేని మామూలు చేపల తొట్టికి ఇది అక్కర్లేదు. పీహెచ్ కొంచెం అటూ ఇటూ అయినా, మెల్లగా అయితే, దుకాణాల్లో దొరికే చేపల్లో చాలావరకు సర్దుకుంటాయి. కంట్రోలర్ పనికొచ్చే చోట్లు ప్రధానంగా రెండు. ఒకటి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించే మొక్కల తొట్టి, రెండోది పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి. మొదటి దాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

పీహెచ్ అనే కొలతను 1909లో సోరెన్ సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసేవాడు. బీరు తయారుచేసే సంస్థ నడిపిన ప్రయోగశాల అది. హైడ్రోజన్ అయాన్ల గాఢతను రాయాలంటే సున్నాల వరుస తెగదు కాబట్టి దాన్ని లాగరిథంలోకి మార్చాడు. రాసుకోవడానికి సుఖమే గాని, మనలాంటివాళ్లకు అందులో ఒక చిక్కుంది. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే పది రెట్లు. 0.3 తేడా అంటే దాదాపు రెండు రెట్లు. కంట్రోలర్ తెర మీద 6.6 ఉండాల్సినచోట 6.3 కనిపిస్తే, పోనీలే కొంచెమే కదా అనిపిస్తుంది. ఆ కొంచెంలో నీటిలోని గ్యాస్ రెట్టింపయింది.

ఇక్కడే రెండో అంకె కావాలి. కేహెచ్. నీటిలోని బైకార్బనేట్ల కొలత. దీన్ని డిగ్రీల్లో చెబుతారు, ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.85 మిల్లీగ్రాముల కాల్షియం కార్బనేట్‌కు సమానం. పీహెచ్, కేహెచ్, కార్బన్ డయాక్సైడ్ ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. రెండు తెలిస్తే మూడోది లెక్కకట్టవచ్చు. ఏడులోంచి పీహెచ్‌ను తీసేయండి. వచ్చినదాన్ని పది మీద ఘాతంగా వేయండి. దాన్ని కేహెచ్‌తో, మళ్లీ మూడుతో గుణించండి. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉందో సుమారుగా వస్తుంది.

కేహెచ్ 4 డిగ్రీలు, పీహెచ్ 6.6 అనుకోండి. ఏడులోంచి 6.6 పోతే 0.4. పది ఘాతం 0.4 అంటే రెండున్నర. నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు రెండున్నరలు ముప్పై. మొక్కల తొట్టెలవాళ్లు అందరూ చెప్పుకునే 30 మిల్లీగ్రాముల అంకె అదే. మొక్కలకు సమృద్ధి, చాలా చేపలకు భరించదగ్గ మోతాదు.

ఇప్పుడు అదే 6.6ను కంట్రోలర్‌లో అలాగే ఉంచి కేహెచ్‌ను 8 చేయండి. గ్యాస్ 60 మిల్లీగ్రాములు. కేహెచ్‌ను 2కు దింపండి. 15 మిల్లీగ్రాములు. తెర మీద మూడుసార్లూ 6.6 కనిపిస్తుంది. యంత్రం మూడుసార్లూ తన పని సక్రమంగా చేసినట్టే లెక్క. ఒక తొట్టిలో చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటాయి, ఇంకొకదాంట్లో మొక్కలు అర్ధాకలితో ఉంటాయి.

అందుకే ఎవరైనా నన్ను ‘మీ కంట్రోలర్ ఎంత దగ్గర పెట్టారు’ అని అడిగితే జవాబు చెప్పబుద్ధి కాదు. నా అంకె మీ నీటికి పనికిరాదు. మీ కేహెచ్ ఎంతో కొలవకుండా నా 6.6ను తీసుకెళ్లి మీ తొట్టికి పెడితే ఏమవుతుందో ఇప్పుడే లెక్క వేశాం. కేహెచ్ పరీక్ష కిట్టు చాలా చవక. చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేస్తే రంగు మారుతుంది, ఎక్కువ కిట్లలో ఒక చుక్క ఒక డిగ్రీ. కంట్రోలర్ కొన్నవారు అది లేకుండా ఉండకూడదు.

కేహెచ్ ఒకసారి కొలిచి ఊరుకుంటే కుదరదు, అది మారుతుంది. నీళ్లు మార్చినప్పుడు కొత్త నీటి కేహెచ్ వేరుగా ఉండవచ్చు. కుళాయి నీటి స్వభావం రుతువును బట్టి మారే చోట్లు చాలా ఉన్నాయి. అలంకరణకు వేసిన రాళ్లలో సున్నపురాయి ఉంటే, కార్బన్ డయాక్సైడ్‌తో ఆమ్లత్వం పెరిగిన నీటిలో అది కరుగుతూ కేహెచ్‌ను పెంచుతుంది. ఇది విచిత్రమైన వలయం. యంత్రం గ్యాస్ ఎక్కిస్తుంది, గ్యాస్ రాయిని కరిగిస్తుంది, రాయి కేహెచ్‌ను పెంచుతుంది, పీహెచ్ పైకి పోతుంది, యంత్రం ఇంకా గ్యాస్ ఎక్కిస్తుంది. మరోవైపు, ఫిల్టర్‌లో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కేహెచ్‌ను తింటూ ఉంటుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత్వం ఖర్చవుతుంది. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టెల్లో కేహెచ్ అడుగంటేది ఇందువల్లే.

మరో మెలిక. పైన చెప్పిన లెక్క, నీటిలో ఆమ్లత్వం కార్బన్ డయాక్సైడ్ వల్లనే వచ్చిందని నమ్ముతుంది. తొట్టిలో చెట్టు మొద్దులు, ఎండుటాకులు, ఆమ్లగుణమున్న మట్టి వేస్తే వాటి ఆమ్లాలు కూడా పీహెచ్‌ను దింపుతాయి. అప్పుడు లెక్క 40 అంటుంది, నిజానికి 15 ఉండవచ్చు. ఇలాంటి తొట్టెలకు నేను చెప్పే పద్ధతి వేరు. తొట్టి నీరు ఒక గ్లాసులో తీసి, గాలి పంపు రాయి వేసి కొన్ని గంటలు బుడగలు పోనివ్వండి. లేదా ఒక రోజంతా తెరిచి ఉంచండి. ఎక్కించిన గ్యాస్ అంతా పోతుంది. అప్పుడు పీహెచ్ చూడండి. తొట్టిలో అంతకంటే ఒక అంకె తక్కువ వచ్చేదాకా గ్యాస్ ఇస్తే, గ్లాసు నీటిలో మిగిలిన దానికి పదింతలు ఇచ్చినట్టు. గ్లాసు నీటిలో రెండు మూడు మిల్లీగ్రాములు మిగులుతుంది అనుకుంటే తొట్టిలో ఇరవై నుంచి ముప్పై. గాలితో పూర్తిగా సరితూగిన నీటిలో అసలు 0.6కు మించదు కాబట్టి, బాగా బుడగలు పోనిస్తే లెక్క ఇంకా తక్కువకు వస్తుంది, అంటే పొరపాటు పడినా చేపల పక్షానే పడతాం. ఈ పద్ధతికి కేహెచ్ అక్కర్లేదు, మొద్దుల ఆమ్లాల గొడవ లేదు. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది.

గ్యాస్ ఎక్కువైతే చేపకు ఏమవుతుందో ఒక్క మాట. పీహెచ్ దిగడం వల్ల చేప చచ్చిపోయిందని చాలామంది అంటారు. నా ఉద్దేశంలో ఆ నింద చాలాసార్లు పీహెచ్ మీద అన్యాయంగా పడుతుంది. చేప తన రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను మొప్పల గుండా నీటిలోకి వదులుతుంది. నీటిలోనే అది నిండుగా ఉంటే బయటికి పోదు. రక్తం ఆమ్లమవుతుంది, హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కూ ఆక్సిజన్ పట్టుకు ఉన్న ఈ సంబంధాన్ని 1904లో వివరించినవాడు క్రిస్టియన్ బోర్, పరమాణు శాస్త్రవేత్త నీల్స్ బోర్ తండ్రి. ఆయనదీ కోపెన్‌హాగెనే. మన తొట్టి పక్కనున్న పెట్టె వెనుక ఆ ఒక్క నగరం హస్తం ఎంత ఉందో చూడండి. సరే, విషయానికి వస్తాను. నీటిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా చేపకు ఊపిరాడదు. అందుకే అది పైకి వచ్చి నోరు తెరుస్తుంది.

ఇప్పుడు ప్రోబ్ దగ్గరికి వద్దాం. అసలు కథ అక్కడే ఉంది.

ప్రోబ్ చివర చిన్న గాజు బుడగ ఉంటుంది. ఆ గాజు చాలా పలచన, ప్రత్యేకమైన మిశ్రమం. లోపల వెండి తీగ, దాని మీద సిల్వర్ క్లోరైడ్ పూత. బయటి నీటిలోని హైడ్రోజన్ అయాన్లకూ లోపలి ద్రావణంలోని అయాన్లకూ ఉన్న తేడాను బట్టి గాజు పొర మీద అతి చిన్న విద్యుత్ పీడనం పుడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్కో పీహెచ్ అంకెకు 59 మిల్లీవోల్టులు. ప్రోబ్‌లను తయారుచేసేటప్పుడే పీహెచ్ 7 దగ్గర ఈ పీడనం సున్నా ఉండేలా చేస్తారు. 6 దగ్గర 59 ఒకవైపు, 8 దగ్గర 59 ఇంకోవైపు.

ఈ ‘ఏడు దగ్గర సున్నా’ అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. గాజు బుడగకు కంటికి కనిపించని పగులు వస్తే లోపలి ద్రావణం, బయటి నీరు కలిసిపోతాయి. తేడా లేదు, పీడనం లేదు. సున్నా మిల్లీవోల్టులు. కంట్రోలర్ ఏమని చదువుతుంది? పీహెచ్ 7 అని. కేబుల్ చివర ఉన్న కనెక్టర్‌లోకి చెమ్మ దూరి రెండు తీగలూ కలిసినా అంతే, సున్నా, అంటే 7. ప్రోబ్‌ను తీసి పక్కన 7 బఫర్‌లో, అంటే పీహెచ్ సరిగ్గా 7 ఉండేలా తయారుచేసిన ద్రావణంలో, పెట్టి మరిచిపోయినా 7. మనం కంట్రోలర్‌కు ఇచ్చిన ఆజ్ఞ ఏమిటి? 6.6 కంటే పైన ఉంటే గ్యాస్ వదలమని. ఏడు 6.6 కంటే పైనే కదా! వాల్వు తెరుచుకుంటుంది, మరి మూసుకోదు.

పూర్తిగా చెడిపోవడం అటుంచండి, ప్రోబ్ ముసలిదైనా అదే దిశ. కొత్తదాంట్లో అంకెకు 59 మిల్లీవోల్టులు పుడితే పాతదాంట్లో 53 పుడతాయి. అంటే చదివే అంకె ఎప్పుడూ ఏడు వైపు జరుగుతుంది. నీరు నిజంగా 6.5 ఉంటే 6.55 అని చెబుతుంది. కొంచెం గ్యాస్ ఎక్కువ పోతుంది. గాజు మీద నాచు పట్టిందనుకోండి, లైటు వెలుగులో ఆ నాచు తన చుట్టూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. గాజును అంటి ఉన్న ఆ సన్నని నీటి పొరలో పీహెచ్ పైకి పోతుంది. తొట్టి మొత్తం 6.5, ప్రోబ్ చూసేది అంతకంటే ఎక్కువ. మళ్లీ గ్యాస్ ఎక్కువ.

గమనించారా? ఇప్పటిదాకా నేను చెప్పిన లోపాలు దాదాపు అన్నీ ఒకే వైపు మొగ్గుతున్నాయి. కేహెచ్ పెరిగినా, నీళ్లు మార్చినా, గాజు పగిలినా, చెమ్మ దూరినా, ప్రోబ్ ముసలిదైనా, నాచు పట్టినా, ప్రతిసారీ వాల్వు తెరుచుకునే ఉంటోంది. మూసుకుపోయే దిశలో తప్పు జరిగితే మొక్కలు నాలుగు రోజులు నీరసిస్తాయి, అంతే. తెరుచుకునే దిశలో జరిగితే ఒక రాత్రి చాలు.

కాబట్టి నేను ఇంతసేపూ చెప్పదలచుకున్నది ఇది. కంట్రోలర్‌ను ఇంటి ముందు కాపలాదారుగా పెట్టుకోండి. ఇంటి పెత్తనం ఇవ్వకండి. గ్యాస్ ఎంత పోవాలో నిర్ణయించేది సిలిండర్ రెగ్యులేటర్‌కు ఉన్న నీడిల్ వాల్వు, అంటే ధారను చేత్తో సన్నగా సరిచేసే వాల్వు, కావాలి. ఎప్పుడు పోవాలో నిర్ణయించేది టైమర్ కావాలి. కంట్రోలర్ వాటి తర్వాత.

ఎలా చేయాలో చెబుతాను. చాలామంది చేసేదానికి ఇది తలకిందులు. వాళ్లు నీడిల్ వాల్వును బాగా తెరిచి బుడగలు ధారగా వదిలి, ఆపడం కంట్రోలర్ చూసుకుంటుందిలే అని వదిలేస్తారు. యంత్రం రోజంతా తెరుస్తూ మూస్తూ ఉంటుంది, పీహెచ్ గీత మీద నడిచినట్టు నడుస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ ప్రోబ్ ఒక్కటి తప్పు చెప్పిననాడు ఆ ధారకు అడ్డం ఏమీ లేదు.

నా పద్ధతిలో మొదటి రెండు మూడు రోజులు కంట్రోలర్ తెరను థర్మామీటరులా చూడటానికే వాడతాం, వాల్వును దానికి కలపం. సోలెనాయిడ్‌ను టైమర్‌కు కలిపి, లైట్లు వెలగడానికి గంటో రెండు గంటలో ముందు తెరుచుకునేలా, లైట్లు ఆరడానికి గంట ముందు మూసుకునేలా పెట్టండి. నీడిల్ వాల్వును కొద్దిగా తెరవండి. పీహెచ్ దిగుతుంది, దిగి దిగి ఒకచోట నిలుస్తుంది. ఎందుకు నిలుస్తుంది? నీటి పైభాగం నుంచి గ్యాస్ గాలిలోకి పోతూనే ఉంటుంది. లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ సమానమైనచోట అంకె ఆగిపోతుంది. సిలిండర్ రోజంతా తెరిచి ఉన్నా అంతకంటే కిందికి పోదు. ఆ నిలకడ అంకె మీకు కావలసినదానికి, అంటే సుమారు 25 మిల్లీగ్రాములకు తగినట్టు వచ్చేదాకా రోజుకోసారి నీడిల్ వాల్వును ఇసుమంత తిప్పుతూ పోండి. ఈ పని వీలైతే సెలవురోజున, తొట్టి ఎదురుగా ఉండి, చేపలను చూస్తూ చేయండి.

ఇందులో ఒక చిట్కా. నీటి ఉపరితలాన్ని బాగా కదలనివ్వండి. ఫిల్టర్ గొట్టాన్ని కాస్త పైకి తిప్పితే అలలు వస్తాయి. గ్యాస్ వృథా అని చాలామందికి భయం. కొంత వృథా అయ్యే మాట నిజమే, కానీ బదులుగా రెండు లాభాలు. ఆక్సిజన్ లోపలికి వస్తుంది. పైగా బయటికి పోయే దారి వెడల్పుగా ఉంటే నిలకడ త్వరగా వస్తుంది, గట్టిగా నిలుస్తుంది. గ్యాస్ చవక. చేపలు ప్రాణులు.

నిలకడ అంకె దొరికాక, అప్పుడు కంట్రోలర్‌ను వాల్వుకు కలపండి. హద్దు ఆ అంకెకు 0.1 కింద పెట్టండి. 25 ఉండాల్సినచోట 31 అయితే ఆపెయ్యమని దానర్థం. ఇక మామూలు రోజుల్లో అది ఒక్కసారి కూడా టక్కుమనదు. టక్కుమన్న రోజు ఏదో మారిందని మీకు తెలుస్తుంది. ఫిల్టర్ ప్రవాహం తగ్గిందో, కేహెచ్ తగ్గిందో, రెగ్యులేటర్ పీడనం పెరిగిందో వెళ్లి చూడండి. ప్రోబ్ చచ్చిపోయి 7 చూపించినా ఫరవాలేదు, తెరిచి ఉన్న వాల్వు గుండా నిలకడ మోతాదుకు మించి గ్యాస్ పోదు.

రాత్రి గ్యాస్ ఆపితే పీహెచ్ పైకి పోతుంది కదా, ఆ హెచ్చుతగ్గులు చేపలకు హాని కాదా అని అడుగుతారు. నా అనుభవంలో కాదు. మొక్కలు నిండిన సహజమైన చెరువుల్లో కూడా పగలు పీహెచ్ పెరిగి, రాత్రి తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్ వల్ల వచ్చే ఈ మార్పు, నీటిలోని లవణాలు మారడం వల్ల వచ్చే మార్పు లాంటిది కాదు. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చేవే, ఆ సమయంలో గ్యాస్ ఎక్కించడం దేనికి?

ప్రోబ్‌ను ఎక్కడ పెట్టాలి? నీరు మెల్లగా పారుతుండాలి, వెలుగు పడకూడదు, డిఫ్యూజర్ (గ్యాస్‌ను సన్నని బుడగలుగా నీటిలోకి వదిలేది) బుడగలు తగలకూడదు. తొట్టి వెనుక మూల, లేదా ఫిల్టర్ గదిలో. గాజు చివర మునిగితే చాలు, కేబుల్ మొదలు నీళ్లకు పైన ఉండాలి. కేబుల్ కనెక్టర్‌ను తడి చేతులతో ముట్టుకోవద్దు. ఈ ప్రోబ్‌ల నిరోధం కోట్ల ఓముల్లో ఉంటుంది, వేలి చెమట కూడా దానికి దారే. ఆ కేబుల్‌ను పంపు, హీటర్ తీగలతో కలిపి కట్టకండి.

తెర మీద అంకె ఉన్నట్టుండి గెంతుతోందా? ఒక కప్పులో తొట్టి నీరు తీసుకుని, ప్రోబ్‌ను అందులో పెట్టి చూడండి. ఆ అంకెకూ తొట్టిలో ఉన్నప్పటి అంకెకూ తేడా ఉంటే మీ నీటిలోకి ఎక్కడినుంచో కరెంటు లీకవుతోందని అనుమానించండి. పంపు, హీటర్, లైటు ఒక్కొక్కటీ ఆపుతూ వెళితే దొంగ దొరుకుతాడు. అప్పుడు ఆలోచించాల్సింది పీహెచ్ గురించి కాదు, ఆ హీటర్‌ను పారేయడం గురించి. నీళ్లలో చేతులు పెట్టేది మీరు.

క్యాలిబ్రేషన్, అంటే ప్రోబ్ చూపే అంకెను బఫర్‌తో సరిచూసి సరిదిద్దడం. ముందుగా సోలెనాయిడ్ ప్లగ్ తీసేయండి. మరిచిపోకుండా ఉండాలంటే బఫర్ సీసా మూత మీదే రాసి పెట్టుకోండి. ఎందుకో ఇందాకే చెప్పాను, 7 బఫర్‌లో పెట్టినంతసేపూ వాల్వు తెరిచే ఉంటుంది. ప్రోబ్‌ను శుభ్రమైన నీటితో కడిగి, మెత్తటి కాగితంతో అద్దండి, రుద్దవద్దు. రుద్దితే గాజు మీద స్థిర విద్యుత్తు పుట్టి అంకె కాసేపు తిన్నగా ఉండదు. మొదట 7 బఫర్, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగి, అక్కడ 7.00 అని స్థిరపరచండి. మళ్లీ కడిగి 4 బఫర్. మంచినీటి తొట్టికి ఈ రెండూ, ఉప్పునీటి తొట్టికి 7, 10. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయకండి. 10 బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని దిగజారుతుంది కాబట్టి తెరిచిన సీసాను ఎక్కువకాలం నమ్మవద్దు.

నెలకోసారి ఇది చేస్తే చాలు. బఫర్‌లో పెట్టాక అంకె నిలవడానికి నిమిషాలు పడుతోందంటే ప్రోబ్ అలసిపోయింది. మామూలుగా ఏడాది నుంచి రెండేళ్లు పనిచేస్తుంది, వాడకపోయినా ముసలిదవుతుంది, అందుకే చవగ్గా వస్తోందని రెండు కొని దాచుకోవద్దు. పక్కన పెట్టాల్సివస్తే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచితే లోపలి లవణాలు బయటికి జారిపోతాయి. మూత దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుంటే కంగారుపడకండి, అది ఆ ద్రావణమే.

ఇంకొకటి. తెర మీద రెండు దశాంశ స్థానాలు చూపిస్తుంది కదా అని కొలత అంత కచ్చితమని అనుకోవద్దు. ఇంట్లో వాడే పరికరానికి 0.1 అటూ ఇటూ మామూలే, ఆ 0.1లో గ్యాస్ పావు వంతు తేడా ఉంది. 6.62ను 6.60 చేయాలని గంటసేపు కూర్చునేవారిని చూసి నాకు జాలేస్తుంది.

కొందరు ఈ యంత్రాన్నే గ్యాస్‌కు బదులు ఆమ్లం పంపే పంపుకు కలుపుతారు. దయచేసి వద్దు. ఆమ్లం పడగానే బైకార్బనేట్ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, పీహెచ్ దిగుతుంది. ఆ గ్యాస్ గంటల్లో గాలిలోకి పోతుంది, పీహెచ్ మళ్లీ పైకి. యంత్రం మళ్లీ ఆమ్లం పోస్తుంది. ప్రతి విడతకూ కేహెచ్ కొంత హరించుకుపోతుంది, తెర మీద మాత్రం అంతా సజావుగానే ఉంటుంది. కేహెచ్ పూర్తిగా అయిపోయిన రోజున ఆఖరి నాలుగు చుక్కలకే పీహెచ్ అయిదు కిందికి పడిపోతుంది. గ్యాస్‌తో ఈ ప్రమాదం లేదు, అది కేహెచ్‌ను ముట్టుకోదు. మెత్తటి నీరు కావాలంటే ఆర్.ఓ. నీరు కలపండి.

ఉప్పునీటి తొట్టెలవారికి క్లుప్తంగా. కాల్షియం రియాక్టర్‌లో, అంటే పగడాలకు కాల్షియం అందించే పరికరంలో, ప్రోబ్ ఉండేది రియాక్టర్ గదిలో, తొట్టిలో కాదు. అక్కడ పీహెచ్ 6.5 దరిదాపుల్లో ఉంచి పగడపు ముక్కలను కరిగిస్తారు. గ్యాస్ ఎక్కువైతే ఆ ముక్కలు బురదై గది మూసుకుపోతుంది. అదే కాల్షియం కోసం సున్నపు నీరు పోసేవారు తొట్టి పీహెచ్ 8.4, 8.5 దాటితే పంపు ఆగేలా కంట్రోలర్ పెడతారు. సంతృప్త సున్నపు నీటి పీహెచ్ 12.4, కాబట్టి ఆ కాపలా తప్పనిసరి. ఇక్కడా ముసలి ప్రోబ్ ఏడు వైపే జరుగుతుందని గుర్తుంచుకోండి. 8.4ను 8.3 అని చదివి, ఇంకా పొయ్యమంటుంది.

ఇక ప్రశ్నలు.

‘డ్రాప్ చెకర్ ఉంటే చాలదా, కంట్రోలర్ ఎందుకు?’ అని ఆ వెనుకనున్నవారు అడిగారు. డ్రాప్ చెకర్ అంటే తొట్టిలో వేలాడదీసే చిన్న గాజు బుడ్డి, గ్యాస్‌ను బట్టి అందులోని ద్రావణం రంగు మారుతుంది. చాలామందికి చాలు. కేహెచ్ సరిగ్గా 4 ఉన్న ద్రావణం వేసిన డ్రాప్ చెకర్‌లో ఆకుపచ్చ అంటే సుమారు 30 మిల్లీగ్రాములు, నీలం తక్కువ, పసుపు ఎక్కువ. తొట్టి కేహెచ్‌తో, మొద్దుల ఆమ్లాలతో దానికి పనిలేదు, ఆ విషయంలో కంట్రోలర్ కంటే మేలు. కాకపోతే నీటిలో జరిగిన మార్పు దానికి తెలిసేసరికి గంటో రెండు గంటలో పడుతుంది, పైగా అది వాల్వును మూయలేదు. నా తొట్టెల్లో రెండూ ఉంటాయి. పెట్టె ఒకటి చెప్పి, రంగు ఇంకొకటి చెప్తే నేను రంగునే నమ్మి ప్రోబ్‌ను తీసి చూస్తాను.

‘సిలిండర్ అయిపోయే ముందు గ్యాస్ ఒక్కసారిగా తన్నుకొస్తుందంటారు, నిజమేనా?’ నిజమే, కొన్ని రెగ్యులేటర్లతో. సిలిండర్‌లో ద్రవం ఉన్నంతకాలం పీడనం ఒకేలా ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లు. ద్రవం అయిపోయాక పీడనం పడిపోవడం మొదలవుతుంది. ఒకే దశ ఉన్న రెగ్యులేటర్‌లో లోపలి పీడనం పడేకొద్దీ బయటికి వచ్చే పీడనం పెరుగుతుంది, నీడిల్ వాల్వు గుండా బుడగల వేగం కూడా పెరుగుతుంది. రెండు దశల రెగ్యులేటర్‌తో ఈ బాధ దాదాపు ఉండదు. కంట్రోలర్‌కు నిజంగా పని పడేది ఇలాంటి రోజునే. పెద్ద గేజు ముల్లు దిగడం మొదలైందంటే ఆలస్యం చేయకుండా సిలిండర్ మార్చండి.

‘కరెంటు పోతే?’ మంచి ప్రశ్న. మన సోలెనాయిడ్‌లు కరెంటు లేకపోతే మూసుకునే రకం, కాబట్టి గ్యాస్ ఆగిపోతుంది. కొనేటప్పుడు ఆ రకమేనని అడిగి తెలుసుకోండి. అసలు చిక్కు కరెంటు పోయినప్పుడు ఫిల్టర్ కూడా ఆగిపోవడం. నీటి కదలిక లేదు, అప్పటికే కలిసిన 25, 30 మిల్లీగ్రాముల గ్యాస్ బయటికి పోయే దారి మూసుకుపోయింది, లైటు లేక మొక్కలూ ఆక్సిజన్ ఇవ్వడం మానేశాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తొట్టి పక్కన ఉంచుకుని వెంటనే వెయ్యండి. కరెంటు వచ్చాక ఫిల్టర్ పారుతోందో లేదో ముందు చూసి, ఆ తర్వాతే కంట్రోలర్‌ను ఆన్ చేయండి. ఫిల్టర్‌లో గాలి చేరి నీరు పారకపోతే, ప్రోబ్ ఉన్న మూలకు గ్యాస్ కలిసిన నీరు చేరదు. తెర మీద పాత అంకే నిలిచి ఉంటుంది, డిఫ్యూజర్ ఉన్న మూలలో మాత్రం గ్యాస్ పేరుకుపోతుంటుంది.